మూడో సిలిండర్

తాడిపత్రి రోడ్డులో మా షెడ్డు ముందర
పొద్దున పదిన్నరకు ఆగింది పికప్పు.
ఆగిందంటే ఆగలేదు,
నిలబడిన చోటే వణుకుతాంది
చలిజరమొచ్చిన మనిషి మాదిరి.
వెనక నిండా చీనీకాయలు.
ఒక్కో కుదుపుకూ పైవరుస కాయ ఒకటి
ఇంకోదాని మీదికి జరుగుతాంది.

పుట్లూరు చింతలరాయుడు దిగి
డోరు రెండుసార్లు కొట్టి మూసినాడు,
ఒక్కసారికి పడదు.
"మూడు షెడ్లు తిరిగినానప్పా.
ఒకడు ఫిల్టర్ మార్చె, ఒకడు పంపు ఊడబెరికె,
ఇంకొకడు ఇనపసామాన్లకు ఎయ్యమనె.
రేసు ఇస్తే కొంచెం నయం,
కాలు తీస్తే ఇదో, ఈ ఆట."

హుసేనప్ప అతని పెదాలే చూస్తాండె.
నలభై ఏండ్లు ఇంజన్ల పక్కన నిలబడి
చెవులు రెండూ ఇంజన్లకే ఇచ్చేసినాడు.
ఇప్పుడు ఆయన వినేది పండ్లతో.
పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి
పిడి పండ్ల మధ్య కరిచి
కండ్లు మూసుకుంటాడు.
కొత్తగా వచ్చినోళ్ళు నవ్వుతారు.
చింతలరాయుడు నవ్వలేదు.

"పదిహేడు పానా" అన్నాడు నాతో.
ఒకటో నాజిల్ పైపు నట్టు వదులు చేసినా.
డీజిల్ చిమ్మె, ఇంజన్ కుంటె. బిగించినా.
రెండోది. అదీ కుంటె. బిగించినా.
మూడోది వదులు చేస్తే
డీజిల్ నా మణికట్టు మీదికి కారింది గానీ
వణుకు పెరగలేదు, తగ్గలేదు.
"పని చేసేటోన్ని నిలిపితే ఇల్లు కుంటుతాది.
వీన్ని నిలిపితే అడిగే దిక్కు లేదు.
వీడే."

మూడో నాజిల్ తీసి ఒకటోదాంట్లో,
ఒకటోది మూడోదాంట్లో పెట్టినాము.
జబ్బు నాజిల్‌దైతే నాజిల్‌తో పాటు పోవల్ల.
పోలేదు. మూడోదాంట్లోనే కూర్చుంది.
"వాల్వు మూసుకోలేదు" అన్నాడు,
"చల్లారనీ."

అనంతపురంలో మే నెల
దేన్నీ చల్లారనియ్యదు.
రేకుల కింద ముగ్గురం కూర్చున్నాము.
చింతలరాయుడు లేచి లేచి
కాయలకు తడి గోనెలు కప్పుతాండె.
"వేలంపాట అయిపోయింటాది" అన్నాడు,
ఎవరితోనూ కాదు.
డీజిల్ వాసన, చీనీ తొక్క వాసన,
రెండూ కలవక వేరువేరుగా.

నాలుగ్గంటలకు టాపెట్ కవర్ ఎత్తినా.
మూడో సిలిండర్ రాకర్ మీద
లాక్ నట్టు అంచున పచ్చ పెయింటు చుక్క.

ఆ పచ్చ డబ్బా మా షెడ్డుదే.
తాను బిగించిన ప్రతి నట్టుకూ
హుసేనప్ప పెట్టే చుక్క.
ఉగాదికి ముందు వచ్చింది ఈ బండి, గుర్తుకొచ్చె.
ఆ పొద్దు ఫీలర్ గేజ్ కనపడక
"చప్పుడు పోయింది, చాల్లే" అని
చేతి అంచనాకు బిగించినాడు.
చప్పుడు పోయింది బండిలో కాదు.

నా చేతిలో కిరసనాయిలు గుడ్డ ఉండాది.
ఒక్క తుడుపు.
చింతలరాయుడు గోనెల కాడ ఉన్నాడు.
గుడ్డ మడిచినా, మళ్ళీ విప్పినా.

ఆయన చెయ్యి నా చెయ్యిని పక్కకు జరిపింది.
సన్న రేకు తీసి సందులో పెట్టె.
దూరలేదు. ఇంకా సన్నది. దూరలేదు.
"రాయుడూ" అని కేక వేసినాడు,
తన గొంతు తనకు వినపడక
రోడ్డంతా వినపడేట్టు.
"ఆ మూడు షెడ్లోళ్ళను తిట్టొద్దు.
ఇది నా చెయ్యి."

రాయుడు చుక్కను చూసె, ఆయనను చూసె.
ఏమీ అనలేదు.
చేతిలో తడి గోనె పిండుతానే ఉన్నాడు,
నీళ్ళు అయిపోయినాక కూడా.

సందు సరిచేసి, కవర్ మూసి, తాళం తిప్పితే
తెల్లపొగ గుప్పెడంత వచ్చి నిలిచిపోయె.
పైవరుస కాయలు జరగలేదు.

హుసేనప్ప స్క్రూడ్రైవర్ నోటిదాకా తీసుకుపోయి
ఆగి, లుంగీకి తుడిచి, నాకిచ్చినాడు.
పిడి మీద ఆయన పండ్ల గుంతలు.
నా పండ్లు వాటిలో సరిగ్గా పడలేదు.
"నాలుగూ పలుకుతాండాయా?"
తలూపబోయి
మళ్ళీ మొదటి నుంచి లెక్కబెట్టినా.