నూటయాభై లోపల

షాపు తెరిచి మూడేండ్లు నిండినాయి.
అనంతపురంలో, బళ్ళారి రోడ్డు మీద, టైర్ల అంగడి పక్కన,
రేకుల నీడన నా బతుకు నురగై పారతా ఉండాది.
పోయినోళ్ళు పోగా
మళ్ళీ మళ్ళీ వచ్చేటోళ్ళు నలభై ఒక్కమంది.
"ఏదో ఒకటి ఇయ్యాల గదన్నా" అన్నాడు ఎర్రిస్వామి
పాలిష్ మిషన్ ఆపి, చెవుల్లో దూది తీసి.
"మనిషికి నూటయాభై దాటగూడదు" అన్నా.
అన్నంత సులువు గాదు.

తాళాల గుత్తి? బ్యాంకులోళ్ళు ఇచ్చినవే
ఇంటింటా మేకులకు ఏలాడతాండాయి.
సెంటు సీసా? డాక్టర్ హంపమ్మకు
కారు డోరు తీస్తానే తుమ్ములు.
అద్దం తుడిచే మెత్తని గుడ్డ ఇస్తే
'ఇంక నువ్వే తుడుచుకో' అన్నట్టుంటాదని
మా ఇంటామె నవ్వింది.
ముందర పెట్టుకునే దేవుని బొమ్మ?
ఏ దేవుడు?
లిస్టులో నబీరసూలుండాడు, పాస్టరు శాంతరాజుండాడు,
ఏ దేవుడూ వద్దనే లాయరు ఒగాయన ఉండాడు.
నిమ్మలకుంట తోలుబొమ్మ నాలుగంగుళాలది తెచ్చి
మన ఎండకు ఆగుతాదో లేదో అని
నా కారులోనే ఏలాడదీసినా.
రెండు దినాలకు
కిరీటం పెట్టుకున్న రాజు అప్పడమై ముడుచుకున్నాడు.

ఈ మనుషుల్ని నేను మొగాలతో గుర్తు పెట్టుకోలేదు,
మురికితో పెట్టుకున్నా.
ఎనక సీటు నిండా శెనక్కాయ పొట్టుంటే
శింగనమల సుంకప్ప.
చీనీ ఆకులు మ్యాటుకు అంటుకోనుంటే నార్పల అక్కులప్ప.
మూడు నీళ్ళకూ పోని టమాటా వాసన
మండీ జిలాన్ బాషాది.
సందుల్లో దొరికిన చెవికమ్మలు, పెన్సిళ్ళు, పాలపన్ను ఒకటి,
అన్నీ లెక్కగా వాపసిచ్చినా.
లాడ్జి రసీదు ఒకటి మాత్రం
చింపి కాలవలో ఏసినా.
అది ఇచ్చుకున్నట్టే లెక్క,
నాకు పైసా ఖర్చు లేకుండా.

ఇంకొకాయన, ముత్యాలప్ప. పాత జీపు లాంటి కారు.
ఒకసారి వచ్చినాడు, బండి పైనుంచి కిందిదాకా
తెల్లటి పొడి.
బోరు ఏయించిన కాడి పొడి అది.
నీళ్ళు పడుంటే బురదయ్యుండేది.
నేను ఎన్ని అడుగులని అడగలేదు.
పైపు పట్టుకున్నా.
ట్యాంకరు నీళ్ళు, వెయ్యి రూపాయలవి,
తెల్లగా జారి, పలచబడి, తేటయ్యి
కాలవలోకి పోతాండాయి.
ఆయప్ప స్టూలు మీద కూచోని
కారును చూడలేదు.
కాలవను చూస్తాండాడు.
ఆ పొద్దు పైపు
నా చేతిలో బరువైంది.
ఆ వారమే గుంత తవ్వించినా.
కడిగిన నీళ్ళు ఇసుకలో వడగట్టి మళ్ళీ చక్రాలకు వాడతాండా.
ఎందుకని ఎర్రిస్వామి అడిగితే
ఖర్చు తగ్గుతాదని చెప్పినా.

కడాకు మా ఇంటామే తేల్చింది.
ధర్మవరం మగ్గాల కాడ మిగిలిన అంచు పీలికలు
కేజీ లెక్కన తెచ్చి
గేరు పక్కన తగిలించుకునే చిన్న సంచులు కుట్టింది.
పట్టంచు చెత్తసంచి.
"పొట్టు దీంట్లో ఎయ్యమను, నీకు పని తగ్గుతాది."
సుంకప్పది రెండింతలు పెద్దది.
హంపమ్మ దాంట్లో స్టెతస్కోపు పెట్టుకుంటానన్నది.
లాయరు అంచు మీది నెమలిని చానాసేపు చూసి
ఏమీ అనకుండా జేబులో దోపుకున్నాడు.

నలభై పోయినాయి.
ముత్యాలప్ప బండి అమ్మేసినాడంట,
టైర్ల అంగడాయన చెప్పినాడు, యాడుండాడో తెలీదంట.
ఆకుపచ్చ అంచుది, ఆయప్పది,
స్విచ్చుబోర్డు పక్కన మేకుకుండాది.
రాత్రి షట్టరు దించే ముందర
ఎర్రిస్వామి చెవుల్లో దూది తీసి
దాంట్లో ఏస్తాండాడు.
చూసినా.
వద్దనలేదు.