బియ్యం బస్తాల మూల

స్టేషన్ రోడ్డు యాకూబ్ పాషా దుకాణంల
పది నెలల కిస్తీల మీద తెచ్చిన పెట్టె.
లోపల పన్నెండంగుళాల కోను,
నల్లగ, రొట్టెల పెనమంత.
"మూలకు పెట్టకు సార్" అన్నడు పాషా,
"మూల దాని గొంతు పెంచుతది.
గోడకు మూరెడు ఎడం ఉండాలె."
మా ఇంట్ల గోడకు మూరెడు ఎడమంటే
తలుపు తెరుసుకోదు.
మూలకే పెట్టిన.

మొదటి రాత్రి
దుడుమ్మని ఒకటి వచ్చింది, ఇగ పోలేదు.
పాట అయిపోయినంక గూడ
గదిలనే తిరిగింది,
పొమ్మనలేని చుట్టం లెక్క.
అల్మారిల స్టీలు గ్లాసులు
ఒకదాని మీద ఒకటి చాడీలు చెప్పుకున్నయి.
వంటింట్ల నుంచి స్వరూప:
"పాడేటామె ఏమంటున్నదో
ఒక్క ముక్క ఇనబడ్తలేదు.
బాయిల పడ్డదా ఏంది?"

తగ్గించిన.
పాట కోళ్లు ఊడిన మంచమైంది.
గొంతు ఉన్నది, మద్దెల ఉన్నది,
మద్దెలకు తోలున్నది, కడుపు లేదు.
ఉప్పు మర్చిన పప్పు లెక్కున్నదంటిని.
ఉప్పు కాదు, బాస్ అంటే చింతపండు అన్నదామె.
జరంత ఎక్కువైతే
కూరల ఇంకేమేసినవో ఎవ్వలికీ తెల్వదు.
ఏడు నుంచి మూడు, మూడు నుంచి ఆరు,
అర్ధగంట తిప్పినం.
అయిదున్నర మీద
గోళ్లరంగుతోని చుక్క పెట్టింది.
"ఇగ ఇది దాటొద్దు."

వానాకాలం వడ్లు పట్టించి
పరకాల నుంచి మా బామ్మర్ది దించిండు
ఆరు బస్తాలు.
ఇంకెక్కడా జాగ లేక
పెట్టె పక్క మూలల్నే పేర్చినం.
ఆ రాత్రి నాబ్ చుక్క మీదనే ఉన్నది,
దుడుం మాత్రం లేదు.
దెబ్బ పడ్డచోటనే పడి ఊకున్నది.
మద్దెల మీది వేళ్లు లెక్కపెట్టొచ్చు.
నాకు ఆశ పుట్టింది.
కొత్తవాడ జంపఖానా ఒకటి గోడకు కొట్టిన.
ఎనుమాముల పత్తి రెండు కిలోలు
పాత దిండు గలేబుల కుక్కి ఎనక ఇరికిచ్చిన.
పాషా వచ్చి, కండ్లు మూసుకోని,
మూడు పాటలు ఇన్నడు.
"గిసొంటి గది కట్టాల్నంటే
లక్షలైతయి సార్" అని,
బియ్యం క్వింటాలు ఎంతకు పడ్డదని అడిగిండు.

ఒక్కటే చిక్కు. మేం తింటం.
శివరాత్రికి నాలుగు బస్తాలు.
ఉగాది దాటినంక మూడు.
స్వరూప సోలతోని తోడినప్పుడల్ల
పాట ఇంతింత లావెక్కుతున్నది.
రోహిణి ఎండలకు గ్లాసులు మళ్ల మొదలుపెట్టినయి.
చుక్క ఆడనే ఉన్నది,
అయిదున్నరనే అయిదున్నర లెక్క లేదు.
నాలుగున్నర మీద రెండో చుక్క.
ఆషాఢంల, మూడు మీద, ఇంకోటి.

గప్పుడు మెట్లెక్కి వచ్చిండు
కింది పోర్షన్ భద్రయ్య.
ఆజంజాహి మిల్లుల ఇరవై ఆరేండ్లు.
పిట్టల అరుపు, మనుమరాలి నవ్వు,
కుక్కర్ సీటీ,
సన్నటియన్ని మగ్గాలే మింగినయి.
కొట్లాటకే వచ్చిండనుకున్న.
మా గోడకు అరచెయ్యి ఆనిచ్చి చూపిచ్చిండు.
"నాలుగు రోజులసంది ఏం వస్తలేదు బిడ్డా.
కరాబైందా?"

స్వరూప నా మొకం చూసింది.
నేను చుక్కలు చూసిన.
ఆయనకు సరిపోయేటంత పెడితే
ఆయన కోడలు రజిత మా ఇంటి మీదికొస్తది,
వచ్చింది గూడ, రెండుసార్లు.

ఇప్పుడు బేస్తవారం సాయంత్రం
రజిత చిట్టి పాటకు పోంగనే
గ్లాసులు తీసి మంచం మీద పెడ్తం.
ఏడు మీద ఒక పాట.
మాకు బాగుండదు.
కింద గోడకు చెయ్యి ఉన్నదో లేదో
మాకు కనబడదు.
అయినంక మళ్ల మూడుకు.

నిన్న పాషా ఫోన్ చేసిండు.
పాట ఇనాల్నని ఉన్నదట,
కొత్త బియ్యం ఎప్పుడొస్తయన్నడు.
ఇంక కలుపే తీస్తలేరని చెప్పిన.