పీచు చుట్ట

నా షెడ్డు ముందు కాలవలో
వాన పడ్డప్పుడల్లా ఇంద్రధనుస్సు పారేది.
బడిపిల్లలు ఆగి చూసేవాళ్ళు.
నేనూ చూసేవాణ్ణి, స్పానరు చేత పట్టుకుని.
అది నా బళ్ళు కక్కిన ఇంజనాయిలని తెలిసి కూడా
బాగుందే అనుకునేవాణ్ణి.

అమలాపురంలో వాన ఒక్కతే రాదు.
బస్టాండులో బస్సుల కింది గ్రీజు,
చికెన్ కొట్టు గుమ్మం కడిగిన నీళ్ళు,
టైర్లు అరిగి రాలిన నల్లపొడి, సిమెంటు చారు,
అన్నిటినీ వెంటేసుకుని
మా వీధి దిగి కౌశికలో పడుతుంది.
నీరు పల్లమెరుగు అంటారు.
ఎరుగుతుంది, కాదనను.
వీపున ఏం మోస్తోందో మాత్రం ఎరగదు.

మృగశిర ఇంకా రెండ్రోజులుందనగా
పల్లాలమ్మ వచ్చింది.
అంబాజీపేట పీచు మిల్లులో పాతికేళ్ళు చేసిన మనిషి,
అరచేతులు కొబ్బరి డొక్కల్లా ఉంటాయి.
మునిసిపాలిటీ పని, రోజుకూలి.
రిక్షాలోంచి దబ్బున దించింది
ఏనుగు తొండమంత పీచు చుట్ట,
లోపల ఊకబొగ్గు కూరి, పైన తాడల్లి.
కాలవకి అడ్డంగా పడుకోబెట్టి
రెండు వెదురు మేకులు కొట్టింది.
దాని వెనక వట్టివేరు పిలకలు నాటింది,
ఒడ్డుకి మొలతాడు కట్టినట్టు.

"కాలవ మూసేస్తే నీళ్ళు నా షెడ్డులోకొస్తాయి" అన్నాను.
"మూయట్లేదండి, వడకడతన్నాను.
మా అమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసేది.
వరద నీళ్ళు ఎర్రగా ఉన్నా
తెల్లారేసరికి అడుగు కనపడేది.
ఊరంత బిందెకి ఏ గింజ సరిపోద్ది?
అందుకే పీచు."

టీకొట్టు దగ్గర ఈ మాట చెప్పి నవ్వించాను.

మొదటి వానకి నీళ్ళు ఎగదన్ని నా గడప తడిపాయి.
తిట్టాను.
ఆవిడ ఏమీ అనకుండా చుట్టని జానెడు దించి కట్టింది.
రెండో వానకి కవర్లు, ఆకులు, ఎవరిదో ఒంటిచెప్పు.
మూడో వాన వెలిసిన మర్నాడు
"ఓ చెయ్యెయ్యండి" అంది.

ఇద్దరం లాగితే గానీ రాలేదు.
బంగారు రంగు పీచు
అచ్చం నా మసిగుడ్డలా ఉంది.
వాసన చూశాను.
ముప్ఫై రెండేళ్ళుగా అన్నంలో, దిండులో,
నా పెళ్ళాం కొప్పులో కూడా ఉన్న వాసన.
ఎవరిదని ఆవిడ అడగలేదు.
అడిగుంటే చికెన్ కొట్టు చూపించేవాణ్ణేమో.

చుట్ట అవతల నీళ్ళు
తేటగా ఏం లేవు, అబద్ధమెందుకు,
పలచటి టీ రంగు.
ఇంద్రధనుస్సు మాత్రం లేదు.
"రంగులేవి?" అన్నాడో బుడ్డోడు, భుజాన సంచితో.
పల్లాలమ్మ గోనెలో కుక్కుతున్న మూటకేసి
గడ్డం ఎత్తి చూపించాను.

సాయంత్రం ఒక స్ప్లెండరుకి ఆయిలు మార్చాను.
పాతది డబ్బాలో పట్టాను.
దాని మూత కోసం
దీపాలు పెట్టేదాకా వెతికాను.
ఇన్నేళ్ళలో ఈ షెడ్డులో
దేనికీ మూత పెట్టినట్టు లేదు.