ఒక లీటరు

మా దిక్కు ఏ రోగమొచ్చినా
మొదలు నీళ్ళనే పట్టుకుంటరు.
తప్పు కాదు.
మా తాత మోకాళ్ళు వంచింది నీళ్ళే.
మా పెద్దమ్మ ముప్పై దాటకముందే
కట్టె పట్టుకొని నడిచింది బోరు నీళ్ళకే.
పండ్ల మీది గోధుమ గీతలు చూసి
ఎవరు ఏ బోరింగు తాగిండ్రో చెప్పే ఊరు మాది,
చండూరు అవతల, మర్రిగూడ ఇవతల.

గందుకే నేను వాటర్‌మన్‌నయిన.
అరవై వేల లీటర్ల ట్యాంకు,
పదహారు వాల్వులు, ఒక సైకిలు, ఒక బ్లీచింగు డబ్బా.
తెల్లారి నాలుగున్నరకు
నల్లా కింద సీసా పట్టి రెండు చుక్కలేస్త.
నీళ్ళు నిమ్మపండు రంగుకు తిరిగితే
ఊరు తాగొచ్చు.

పుష్యమాసం చలిల
మన్విత కక్కుడు మొదలుపెట్టింది.
పదకొండు నెలల పిల్ల.
తర్వాత జ్వరం. పొద్దూకేసరికి
ఉత్త నీళ్ళ లెక్క విరేచనాలు, కుండ పగిలినట్టు.
"పండ్లొస్తున్నయి" అన్నది మా అమ్మ.
పక్కింటి రాములమ్మ ఎండు మిరపకాయలు దిగదీసి
పొయ్యిల ఏసింది.
"నీళ్ళు పొయ్యకుండ్రి, పోసినకొద్ది పోతది" అన్నది ఇంకొకామె.
ఊరు మాత్రం నా దిక్కు చూసింది:
ట్యాంకు కడిగి ఎన్ని దినాలాయె జంగయ్యా?

రాత్రి పదకొండింటికి సైకిలేసుకొని పోయి
టార్చి వెలుగుల
నా నీళ్ళకు నేనే పరీక్ష పెట్టిన.
పసుపు.
మళ్ళ ఏసిన. పసుపు.
మూడోసారి చెయ్యి వణికి చుక్కలెక్కువ పడ్డయి.
నా తప్పు దొరికితే బాగుండు అనిపించింది.
దొరికితే కట్టెయ్యొచ్చు కద, వాల్వు లెక్క.

దేవరకొండ దవాఖానల డాక్టరమ్మ
పిల్ల పొట్ట మీది తోలు రెండు వేళ్ళతోని లేపి ఇడిసింది.
అది తిరిగి పడుటానికి తొందరపడలే.
నడినెత్తి గుంట పడ్డది.
ఏడుస్తున్నది గాని కన్నీళ్ళు లేవు.
ఇన్నేండ్ల కొలువుల
గసొంటి ఎండిన నల్లా నేను చూడలే.

"నీ నీళ్ళ తప్పు కాకపోవచ్చు" అన్నది.
"వైరస్సు. రోటా అంటరు.
పెద్ద మిషన్ల పెట్టి చూస్తే బండి గీర లెక్క కనబడ్తది.
చేతుల మీద, బొమ్మల మీద, తలుపు గొళ్ళెం మీద కూసుంటది.
దాన్ని సంపే మందు లేదు.
పోయిన నీళ్ళు పోసుకుంట పోవుడే."

బండి గీర.
నేను ఊరికి కావలి కాస్తుంటే
అది నా చేతుల మీదనే ఇంట్లకొచ్చిందేమో.
అంగన్‌వాడి పాయఖాన పైపు బిగిచ్చిన చెయ్యి,
అట్లనే పిల్లను ఎత్తుకున్న చెయ్యి.
ఎవరు చూసిండ్రు?

నర్సు షాహీన్ టీకాల కార్డు తిరగేసింది.
"మూడో విడత చుక్కలు ఎందుకు ఏపియ్యలే?"
ఆ బుధవారం మెయిన్ పైపు పగిలింది మేడం,
అనబోయి ఊకున్న.

ఒక లీటరు నీళ్ళు, ఒక పొట్లం.
ముందుగాల సబ్బుతోని చేతులు.
అరవై వేల లీటర్లు ఒక్క మీటతోని ఇడిసేటోణ్ణి,
నాకు చెంచా పట్టుడు రాలే.
పారిజాత నేర్పింది.
చెంచా. ఆగు. చెంచా.
కక్కితే పది నిమిషాలు గడియారం చూడు,
మళ్ళ చెంచా.
నడుమ నడుమ ఆమె రొమ్ముకు పెట్టుకున్నది.
పక్క మంచం మీద నేరేడుగొమ్ము పిలగాడు,
ఆ పక్కన చందంపేట తండా పాప, చేతికి సెలైను.
"ఇయ్యాల ఎన్నిసార్లు?" అని
తల్లులు ఒకర్నొకరు అడుక్కుంటుండ్రు,
పత్తి ఎన్ని కిలోలు ఏరినవంటే
చెప్పినట్టు చెప్తుండ్రు.

రెండో రాత్రి, తెల్లారి నాలుగున్నర.
ఊళ్ళె మా బామ్మర్ది నా వాల్వులు తిప్పే యాళ్ళ
నా ఒళ్ళె వెచ్చగ తగిలింది.
అంగీ తడిసింది. లుంగీ తడిసింది.
"ఒంటికి పోసింది!" అని ఒర్రిన.
పారిజాత ఉలిక్కిపడి లేచింది,
తండా పాప తల్లి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
పన్నెండేండ్ల కొలువుల
లీకేజి చూసి సంబురపడ్డది గదొక్కసారే.

పద్నాలుగు దినాలు జింకు గోళీ నీళ్ళల్ల కరిగిచ్చి తాపినం.
ఇప్పుడు నల్లా బిల్లుకు పోయిన కాడల్లా
చిన్న పిల్లలుంటే అడుగుత:
మూడు విడతలూ పడ్డయా?
కార్డేది, తీసుకరా.
"నీ నీళ్ళ సంగతి చూసుకోరాదు జంగయ్యా" అంటరు.

చూసుకుంటనే ఉన్న.