ఖాళీకి జరిమానా

బెర్గెన్‌లో ఆ వారమంతా వానే.
హాలు గుమ్మం దగ్గర రెండు వందల గొడుగులు
ముక్కులు కారుతూ నిలబడ్డాయి.
సరిగ్గా వాటి పక్కనే దొరికింది నా పోస్టరుకి చోటు,
నూట నలభై మూడో నంబరు.
మూడు రోజుల్లో ముగ్గురొచ్చారు.
ఒకాయన గ్రాఫు చూసి తలూపాడు,
ఒకావిడ మా ప్రొఫెసరు క్షేమం అడిగింది,
మూడో మనిషికి కావలసింది టాయిలెట్.

ట్రోమ్సో నుంచి రైలు, పడవ మారి వచ్చినదాన్ని,
సదస్సు రుసుము కట్టలేనిదాన్ని గనక
నాకు గడియారం పని అప్పగించారు.
ముందు వరసలో కుర్చీ, ఒళ్ళో రెండు అట్టలు.
పసుపుది లేపితే రెండు నిమిషాలు మిగిలాయని,
ఎర్రది లేపితే ఇక చాలని.
ఎంత పేరున్న ప్రొఫెసరైనా
నా ఎర్ర అట్ట ముందు మాట మింగాల్సిందే.
ఒప్పుకోవాలి, ఆ పెత్తనం నాకు నచ్చింది.

చివరి సాయంత్రం అవార్డులు.
ఉత్తమ సాఫ్ట్‌వేర్, ఉత్తమ యువ శాస్త్రవేత్త,
ఒకే ఫోటో నవ్వు ఆరుసార్లు.
ఆఖరున, పాతికేళ్ళు నిలిచిన పరిశోధన పత్రానికి:
హల్వోర్ క్వామ్మె.
మెట్లెక్కాడు ముసలాయన, ఉన్ని స్వెట్టరులో,
మోచేతి దగ్గర వేరే రంగు ఊలుతో వేసిన అతుకు.
చేతిలో పెట్టారు జానెడు గాజు డీఎన్ఏని.

మెలిక ఎడమకి తిరిగింది.
మన ఒంట్లోది కుడికి తిరుగుతుంది.
హాల్లో నాలుగు వందల మందికీ తెలుసు ఆ సంగతి,
నాలుగు వందల మందిమీ చప్పట్లు కొట్టాం.

ఆయన దాన్ని దీపం వైపు ఎత్తి చూశాడు.
"టూరున్ ఉంటే దీన్ని షాపుకి తిప్పి పంపేది."
వెనక వరసల్లో నవ్వులు.
కుర్రవాళ్ళు పక్కవాళ్ళని అడిగారు, టూరున్ ఎవరని.
పత్రం మీద రెండో పేరు.
మేం ఎప్పుడూ మొదటి పేరు రాసి "తదితరులు" అని వదిలేస్తాం.

"రెండు జన్యువుల్ని పక్కపక్కన పేర్చేటప్పుడు"
అని మొదలెట్టాడు, అక్కడెవరికీ చెప్పక్కర్లేని సంగతి,
"ఒకదాంట్లో ఉన్న అక్షరం రెండోదాంట్లో లేకపోతే
అక్కడొక చిన్న గీత పెడతాం.
గీతంటే, ఇక్కడ ఎవరో ఉండేవారని.
లేదా ఇంకా రాలేదని.
ఖాళీ తెరిచినందుకు జరిమానా,
పొడిగించినందుకూ జరిమానా.
మా ప్రోగ్రాములో రెంటికీ ఒకే రేటు వేశాను నేను.
కాదని పోట్లాడింది ఆవిడ,
లేబులో ఫ్రిజ్ పక్కన, ఒక చలికాలం పొడుగునా.
తెరవడానికే ఖరీదు, హల్వోర్.
ఒకసారి తెరుచుకున్నాక
గీతకింతని చిల్లర పడుతుంది, అంతే."

పసుపు అట్ట లేపాను.

చూశాడు. చూసి,
"మార్చి తొమ్మిదిన తెరుచుకుంది" అన్నాడు.
ఇంకేం అనలేదు.
కప్పు మీద వాన. మైకులో ఊపిరి.

ఎర్ర అట్ట చేతిలోకి తీసుకున్నాను.
అంచు వంచాను, మళ్ళీ సాపు చేశాను.
నిర్వాహకురాలు వెనక నుంచి గొంతు సవరించింది,
విందులో కాడ్ చేప చల్లారిపోతోందని.
లేపలేదు.

తేరుకుని కృతజ్ఞతలు చెప్పాడు,
గ్రాంటుకి, భార్యకి,
పదకొండో వెర్షన్‌లో తప్పు పట్టి ఈమెయిల్ పంపిన
ఎవరో మనిషికి. సంతకం పెట్టలేదట.

తర్వాత గొడుగుల దగ్గర కనిపించాడు,
గాజు మెలికని చంకలో రొట్టెలా ఇరికించుకుని.
తడికి ఉబ్బిన నా పోస్టరు ముందు ఆగి
మొత్తం చదివాడు, అడుగున చిన్నక్షరాలతో సహా.
నాలుగో మనిషి.
రెండో పట్టికలో ఒక అంకె మీద వేలు పెట్టి
"ఇది మళ్ళీ లెక్క చూడు" అన్నాడు.
చూశాను తర్వాత. తప్పే.

"ఇందాక ఎన్ని నిమిషాలు తినేశాను?"
"నాలుగు."
"పర్లేదు. పొడిగింపు చవకే."

సూత్రంలో చవకే.
బయట మెట్ల మీద, ఆ వానలో,
గొడుగు తెరవడానికే చాలాసేపు పట్టింది ఆయనకి.