గడియ ఎటువైపు

ఫర్వానియాలో మా బిల్డింగు మూడో అంతస్తులో
శుక్రవారం ఎవరో తలుపు పగలగొట్టినారు.
పోలీసులు వచ్చినారు, పసుప్పచ్చ పట్టీ కట్టినారు.
లిఫ్టు చెడిపోయింటే మెట్లమీద
ఆ పట్టీ కిందనుంచి వంగి డ్యూటీకి పోయినా.
మేడమ్‌కు మజ్బూస్ వండినా. ఉప్పు సరిగ్గానే పడింది.

సాయంత్రం నందలూరు నుంచి వాయిస్ మెసేజ్:
"అక్కా, రాత్రి బండారోళ్ళింట్లో దొంగలు పడినారు,
బీరువా పెరట్లోకి మోసుకొచ్చి మరీ పగలగొట్టినారంట."
పదిహేడు సెకన్లు.
వెనకాల కుక్కర్ విజిల్ గూడా ఉంది.

ఇంక చూడు నా అవస్థ.
ఐదో అంతస్తు, ఆరు మంచాల గది, పై మంచం.
కండ్లు మూస్తే
మా ఇంటి పెరటి తలుపు.
దాని కింది గడియకు మూడు మేకుల్లో ఒకటి లేదు,
నేను బయల్దేరిన పొద్దున గూడా లేదు.
వంటింటి కిటికీ చువ్వ, ఎడమనుంచి నాలుగోది,
చేత్తో తిప్పితే తిరుగుతుంది.
నాకొక్కదానికే తెలుసనుకున్నా.
వాడు రాత్రంతా తిప్పుతానే ఉన్నాడు.

పదకొండుసార్లు ఫోన్ చేసినా.
పన్నెండోసారికి రెడ్డెమ్మ ఎత్తి నవ్వింది.
"బండారోళ్ళిల్లు రైలుకట్ట అవతల గదక్కా,
మన వీధా ఏమన్నానా! మేం బాగానే నిద్రపోయినాం."
నవ్వి, గొంతు తగ్గించి,
"అది సరే గానీ, మీ కువైట్లో
ఎవురిదో తలుపు పగలగొట్టినారంట గదా?
వీడియో చూసినాక నాకు అన్నం దిగలేదు."

"యాడనో లే" అన్నా.
రెండంతస్తుల కింద.

ఆదివారం లిఫ్టులో ఒకామె.
చేతిలో కొత్త తాళంకప్ప, ఇంకా అట్టకే అతుక్కోనుంది.
ఊడదీయలేక నాకిచ్చింది. పంటితో కొరికి తీసిచ్చినా.
పేరు కుసుమ. క్యాండీ పక్కన ఊరంట.
నా అరబ్బీ, ఆమె అరబ్బీ, రెండూ వంటింటి అరబ్బీలే,
బాగానే అతికినాయి.
పోయింది డెబ్బై దినార్లు, ఒక బిస్కెట్ డబ్బా.
డబ్బాలో కూతురి పాలపన్ను.
"దుడ్డు సరే, పన్నెందుకు వాళ్ళకు?" అని
నన్నే అడిగింది,
నేనేదో తీసుకున్నట్టు.

మూడో అంతస్తులో దిగిపోయింది.
తలుపులు మూసుకునేదాకా
ఆమె వీపు చూస్తా నిలబడినా.
అంతవరకూ అది లిఫ్టులో ఒక మీట, అంతే.

ఆ రాత్రి లైటు ఆర్పినాక
పై మంచం దిగి,
నాలుగేండ్లుగా పడుకుంటున్న గదికి
గడియ ఎటువైపు ఉందో
చీకట్లో చేత్తో తడిమి చూసినా.