ఎడంకాలి పద్దు

ఈ ఏడాది పద్దు రాద్దామని కూచున్నాను.
హార్బరు వైపు ఐసు మిల్లు ఆగినట్టుంది,
కిటికీలోంచి చేపల వాసన ఒక్కటే వస్తోంది, మోత లేకుండా.

ఖర్చు:
బంతులు ఆరు.
గీతలకి సున్నం, రెండు బస్తాలు.
మోకాళ్లకి పూసే మందు.
నలుగురు ఆటగాళ్లు.

అవును, అలాగే రాశాను, సున్నం కిందే.
గాజువాకలో పాత ఇనుము తూచే చేత్తోనే
భీమరశెట్టి జగ్గారావు గారు
సంచి విప్పి బల్ల మీద పెట్టారు.
"మొక్క నాటి నీళ్లు పోస్తా కూకుంటే
నాను పోయాక కాస్తాది మాస్టారూ.
ఈ వేసంగికి కప్పు కావాల.
కాసిన సెట్టే తెండి."

కాసిన చెట్లు రైలు దిగాయి.
కలకత్తా నుంచి ఇద్దరు, త్రిస్సూరు నుంచి గోల్‌కీపరు,
ఇంఫాల్ నుంచి ఇబోచా.
దిగీ దిగగానే గాలిలో చేత్తో అలలు గీసి
సముద్రం ఎటని అడిగాడు.

నేను మొక్కల మనిషిని.
పన్నెండేళ్లుగా పెదజాలరిపేట ఇసకలో,
వల లాగి వచ్చి అరచేతులింకా ఎర్రగా ఉన్న గుంటల్ని
వరసగా నిలబెడుతున్నాను.
తెడ్డు పోలారావుకి తొమ్మిదేళ్లప్పుడు
వాడి కుడికాలు తాడుతో తెప్పకి కట్టేశాను.
ఎడంకాల్తో తన్నరా అన్నాను.
ఏడ్చాడు. తన్నాడు. బంతి కదల్లేదు.
వాళ్లమ్మ తట్ట దించి మరీ తిట్టింది:
"దేవుడు రెండు కాళ్లిస్తే
ఒకటి నువ్వు కట్టేసినావేటయ్యా?"
ఆ కాలికి బుద్ధి రావడానికి మూడేళ్లు పట్టింది.
మూడేళ్లని ఏ గడిలో రాస్తారు?

నిజం కూడా రాయాలి, ఓడిపోయేవాళ్లం.
పోర్టు వాళ్ల చేతిలో ఆరు, రైల్వే వాళ్ల చేతిలో నాలుగు.
"పిల్లలు ఎదుగుతున్నారండి" అనేవాణ్ణి.
ఏడేళ్లు అదే మాట.
ఎదిగిన వాళ్లు ఎదిగినట్టే బోటెక్కేశారు,
కొందరు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోయారు.
ఎదుగుతున్నారన్నది
చేతకాని మాస్టారికి మంచి గొడుగు.

ఈసారి గెలిచాం.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరగడం మొదలయ్యే వేళకి
మూడు సున్నా.
జగ్గారావు గారు పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నారు.
నేనూ చప్పట్లు కొట్టాను,
ఒక చెయ్యి ఇంకో చేతికి తగుల్తోంది, అంతే.
ఎడమ గీత వెంబడి ఇబోచా పరిగెడుతున్నాడు,
పిల్లి తన కూనని నోట కరుచుకున్నట్టు
బంతిని పాదం లోపలంచున పట్టుకుని,
నొప్పి తెలియనివ్వకుండా.

అది పోలారావు చోటు.
వాణ్ణి జూన్‌లో గోవా వాళ్లు కొనుక్కున్నారు.
జమ: ఒక లక్షా పదివేలు.
జగ్గారావు గారి సంచిలో తగ్గింది
ఆ డబ్బుతోనే పూడ్చాం.
అక్కడ వాడు
ఎవరు పెంచిన పిల్లాడి చోట నిలబడ్డాడో.

కప్పు తెచ్చిన రాత్రి, బిర్యానీ పొట్లాల మధ్య,
ఇబోచా మేజోడు విప్పి
కుడి చీలమండ నాకు చూపించాడు.
చుట్టూతా ఒక పాలిపోయిన గీత.
"ఓజా" అన్నాడు. వాళ్ల భాషలో మాస్టారట.
రెండు చేతులతో ముడి వేసి చూపించి
పకపకా నవ్వాడు.
బూటు ఒరుపే కావచ్చు, నాకు సరిగ్గా అర్థం కాలేదేమో.
కానీ ఎక్కడో కొండల మధ్య
నాలాంటి పాపిష్టివాడు ఇంకొకడున్నాడని
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొన్నవి, పెంచినవి అని రెండు గళ్లు గీశాను ఇందాక.
ఇబోచా పేరు మొదటి దాంట్లో రాసి కొట్టేశాను.
పోలారావు పేరు రెండో దాంట్లో రాసి
దాన్నీ కొట్టేశాను.
కాగితం చిరిగింది.

రేపు ఆదివారం. ఆరింటికల్లా ఇసకలో
పదకొండు మంది గుంటలు.
పాత తాడు ఉప్పుకి చివికిపోయింది.
కొబ్బరి తాడు, నాలుగు గజాలు.
ఇది మాత్రం ఖర్చులో రాశాను.